మూసేసిన ఆన్‌లైన్ గేమ్‌ని ప్రైవేట్ సర్వర్‌లో ఆడితే పైరసీయేనా?

బెజవాడ_అరుగు

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ఇంజినీరింగ్ చదివే రోజుల్లో, 2013 నుంచి అనుకోండి, ఓ ఆన్‌లైన్ గేమ్ తెగ ఆడేవాణ్ని. పేరు కావాలనే చెప్పట్లేదు. హాస్టల్ పక్కన నెట్ సెంటర్, గంటకి 20 రూపాయలు, ఓనర్ అన్న మాకు రాత్రి పూట ఓ అరగంట ఎక్కువ ఇచ్చేవాడు. ఆ గేమ్‌లో స్థలం కొనుక్కుని ఇల్లు కట్టుకోవచ్చు. నేనూ మా రూమ్మేట్లు ఇద్దరూ కలిసి చిన్న వీధి కట్టాం. పెంకుటిల్లు, ముందు అరుగు, పక్కన బావి. సంక్రాంతికి వాకిట్లో ముగ్గు ఉండాలి కదా అనుకుంటే గేమ్‌లో ముగ్గు అనే వస్తువే లేదు. చిన్న చిన్న తెల్ల రాతి పలకలు కొని, ఒక్కోదాన్నీ మౌస్‌తో తిప్పి పక్కపక్కన పేర్చి, మా అమ్మమ్మ వేసే పదకొండు చుక్కల ముగ్గు వేశాం. మూడు రాత్రులు పట్టింది. బ్రెజిల్ నుంచి ఒకాయన రోజూ వచ్చి సరిగ్గా దాని మధ్యలో నిలబడేవాడు, ఇదేంటని అడుగుతూ, మాకొచ్చిన ఇంగ్లీషులో మేం చెప్తూ.

కొన్నేళ్లకి కంపెనీ సర్వర్లు ఆపేసింది. ముందు ఒక మెయిల్ పంపారు, అంతే. మొత్తం మీద 13 వేలు పెట్టుంటాను, ఒక్క రూపాయి వెనక్కి రాలేదు. డబ్బు సంగతి వదిలేద్దాం. వీధి పోయింది. మిగిలినవి నాలుగు స్క్రీన్‌షాట్లు.

పోయిన నెల డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో ఒక గ్రూప్ దొరికింది. వాళ్లు ఆ గేమ్‌ని సొంత సర్వర్ మీద మళ్లీ నడుపుతున్నారు. ఆడటం ఫ్రీ, కానీ ఇంటి స్థలం కావాలంటే వీఐపీ పాస్ తీసుకోవాలి, నెలకి 400. చేరదామనుకుంటుంటే మా తమ్ముడు "థియేటర్ ప్రింట్ డౌన్‌లోడ్ చేసుకోవడానికీ దీనికీ తేడా ఏముంది" అన్నాడు. నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. సినిమా అయితే టికెట్ కొనే దారి ఉండి కూడా దొంగతనంగా చూస్తాం. ఇక్కడ నేను డబ్బిస్తానన్నా తీసుకునేవాడే లేడు కదా, ఎవరి జేబు కొట్టినట్టు? ఇంకో మాట, ఆ ముగ్గు మీద నాకు హక్కేమీ లేదా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాత_సర్వర్

తమ్ముడూ, నీ ప్రశ్నకి దగ్గరగా ఒక గేమ్ చరిత్ర మొత్తం ఉంది, సిటీ ఆఫ్ హీరోస్. 2004 ఏప్రిల్‌లో అమెరికాలో వచ్చింది. నీ సూపర్‌హీరోని నువ్వే తయారుచేసుకుంటావు, ముఖం, బట్టలు, శక్తులు అన్నీ. ఆ ఏడాది నవంబర్‌లోనే మార్వెల్ వాళ్లు కేసు వేశారు. ఆడేవాళ్లు హల్క్‌లా వుల్వరిన్‌లా ఉండే పాత్రల్ని చేసుకుంటున్నారు, దానికి వీలిచ్చింది గేమ్ కంపెనీయే కాబట్టి బాధ్యత వాళ్లదే అని. తర్వాత ఏం తేలిందంటే, సాక్ష్యంగా పెట్టిన బొమ్మల్లో కొన్ని మార్వెల్ తరఫువాళ్లే గేమ్‌లోకి వెళ్లి తయారుచేసినవి. జడ్జి వాటిని పక్కన పెట్టేశారు. 2005 డిసెంబర్‌లో రాజీ కుదిరింది. అంటే ఈ ప్రపంచాల్లో ఏది ఎవరిది అన్న గొడవ కొత్తదేం కాదు.

ఇక అసలు సంగతి. ఆ గేమ్ నడిపే కొరియా కంపెనీ ఎన్‌సీసాఫ్ట్ 2012 ఆగస్టు చివర్లో గేమ్ తయారుచేసే స్టూడియోని మూసేసింది, నవంబర్ 30న సర్వర్లు ఆపేసింది. ఆ మధ్యలో వేలమంది అట్లాస్ పార్క్ అనే చోట చేరి దివిటీలు పట్టుకుని నిలబడ్డారు. సంతకాలు పెట్టారు, ఉత్తరాలు రాశారు, కంపెనీ మనసు మారలేదు.

2019 ఏప్రిల్‌లో బయటపడిందేమిటంటే, కొంతమంది దాదాపు ఆరేళ్లుగా రహస్యంగా ఒక సర్వర్ నడుపుకుంటున్నారు! అసలు సర్వర్ కోడ్ వాళ్ల చేతికి ఎలాగో వచ్చింది. తెలిసినవాళ్లకి మాత్రమే ప్రవేశం. విషయం బయటికి పొక్కగానే మిగతా అభిమానులు మండిపడ్డారు, మేం ఇక్కడ ఏడుస్తుంటే మీరు లోపల కూర్చుని ఆడుకుంటున్నారా అని. చివరికి ఆ కోడ్ అందరి కోసం బయట పెట్టాల్సొచ్చింది. దాంతో మొదలైంది హోమ్‌కమింగ్ అనే సర్వర్. వాళ్లు ఏమీ అమ్మలేదు. సర్వర్ అద్దెకి ఎంత కావాలో అంతే విరాళం తీసుకోవడం, అది రాగానే ఆ నెలకి కౌంటర్ మూసేయడం. ఇంకోపక్క ఎన్‌సీసాఫ్ట్‌తో మాట్లాడుతూనే ఉన్నారు. 2024 జనవరిలో కంపెనీ వాళ్లకి అధికారికంగా లైసెన్స్ ఇచ్చింది.

నేను ఆ లైసెన్స్ వచ్చాకే అందులో చేరాను. మొదటిరోజు అట్లాస్ పార్క్‌లో దిగితే, భూగోళాన్ని మోస్తున్న ఆ పెద్ద విగ్రహం కింద ఒకాయన కదలకుండా నిలబడి ఉన్నాడు. పలకరిస్తే, 2012లో చివరి రాత్రి కూడా తను ఇక్కడే నిలబడ్డానని రాశాడు. ఇంకేం మాట్లాడలేదు, నేనూ పక్కన కాసేపు నిలబడ్డాను.

కాబట్టి మీ తమ్ముడి పోలిక నాకు నచ్చలేదు. థియేటర్ ప్రింట్ పెట్టేవాడు సినిమాని కాపాడట్లేదు. వీళ్లు కాపాడారు.

వైజాగ్_ప్లీడర్

పాత సర్వర్ గారి కథ బాగుంది కానీ, లైసెన్స్ వచ్చేదాకా ఆ దాదాపు ఐదేళ్లు చట్టం దృష్టిలో అది అనుమతి లేని వాడకమే. కంపెనీ ఊరుకుంది కాబట్టి సరిపోయింది, ఊరుకోవడమూ ఒప్పుకోవడమూ ఒకటి కాదు.

మన దేశం సంగతి చెప్తాను. 1957 కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని సాహిత్య రచన కింద లెక్కేస్తారు. రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. "కంపెనీ అమ్మడం మానేసింది కాబట్టి హక్కు పోయింది" అనే మాట ఈ చట్టంలో ఎక్కడా లేదు. మీరు డబ్బిస్తానన్నా తీసుకునేవాడు లేడన్నది న్యాయమైన బాధ, కానీ కోర్టులో అది జవాబు కాదు. 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసీ ప్రోగ్రామ్‌ని కంప్యూటర్లో వాడినా నేరమే. వ్యాపారం కోసం కాకపోతే జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో వదిలేసే వీలు కోర్టుకి ఉంది. నడిపేవాళ్ల మీద 63 సెక్షన్ పడితే ఆరు నెలల నుంచి మూడేళ్లు.

అయితే ప్రైవేట్ సర్వర్లన్నీ ఒక్కటి కావు, ఇక్కడే చాలామంది పొరబడతారు. మీ కంప్యూటర్లో ఉండే గేమ్ ఒకటి, కంపెనీ దగ్గర నడిచే సర్వర్ ప్రోగ్రామ్ వేరొకటి. ఆ సర్వర్ ప్రోగ్రామ్‌ని దొంగిలించి తెచ్చి నడిపితే చెప్పేదేం లేదు. కానీ కొందరు, గేమ్ సర్వర్‌తో ఏం మాట్లాడుతుందో గమనించి, కంపెనీ కోడ్ ఒక్క లైనూ ముట్టుకోకుండా సొంతంగా సర్వర్ ప్రోగ్రామ్ రాసుకుంటారు. సెక్షన్ 52(1)(ఏబీ)లో, ప్రోగ్రామ్ న్యాయంగా చేతిలో ఉన్నవాడు, తను వేరుగా రాసిన ప్రోగ్రామ్ దానితో కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారం ఇంకోచోట సులువుగా దొరకనప్పుడు దాన్ని రాబట్టుకోవచ్చని ఉంది. అలాంటివాళ్లు వాదించడానికి కనీసం కొంత చోటుంది. అప్పుడు కూడా గేమ్‌లో బొమ్మలు, సంగీతం కంపెనీవే, వాటిని కొత్తవాళ్లకి పంచిపెడితే మళ్లీ మొదటికే వస్తారు.

ఇక మీ ముగ్గు. పదకొండు చుక్కల ముగ్గు అమ్మమ్మల కాలం నుంచి ఉన్నది, అది ఎవరి సొత్తూ కాదు. మీరు పలకలతో పేర్చిన తీరులో మీ సొంత కల్పన ఉంటే దానిమీద మీకు హక్కు అడగొచ్చు. కానీ చాలా గేముల్లో "అంగీకరిస్తున్నాను" బటన్ నొక్కినప్పుడే మీరు లోపల చేసినవన్నీ వాళ్లకి రాసిచ్చేసినట్టు ఉంటుంది. సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ లోకం నడిపేవాళ్లు 2003లోనే దీనికి వ్యతిరేకంగా వెళ్లారు, లోపల మీరు తయారుచేసింది మీదే అన్నారు. మీ గేమ్ ఒప్పందం దొరికితే ఆ ముక్క వెతకండి.

గచ్చిబౌలి_మోడలర్

నేను గేములకి 3డీ మోడల్స్ చేసి బతుకుతాను, కాబట్టి నా మాట కాస్త గట్టిగానే ఉంటుంది. సెకండ్ లైఫ్ పేరొచ్చింది కదా, 2006లో అక్కడ కాపీబాట్ అనే ప్రోగ్రామ్ వచ్చింది. తెరమీద కనిపించే ఏ వస్తువునైనా ఇట్టే నకలు తీసేది. కుర్చీలు, బట్టలు, జుట్టు చేసి అమ్ముకుని బతికేవాళ్లు గగ్గోలు పెట్టి, నిరసనగా లోపలున్న షాపులు మూసేశారు. కంపెనీ దాన్ని నిషేధించింది. హక్కు మీదే అని కాగితం మీద ఉన్నా, నకలు తీసేవాడు రాగానే దానికి ఎంత విలువుందో ఆ వారంలో తెలిసిపోయింది.

నాకూ జరిగింది. మండపం స్తంభం ఒకటి చేశాను, ఆ చెక్కడాలకే 19 రోజులు పట్టింది. ఓ సైట్‌లో ఎవరో నా పేరు తీసేసి సగం ధరకి పెట్టారు. ఎలా పట్టుకున్నానంటే, మూడో వరసలో ఒక హంస ముక్కు నేను పొరపాటున వంకరగా చేశాను, అదే వంకర అక్కడా ఉంది. తీసేయించడానికి రెండు నెలలు తిరిగాను.

అందుకే అరుగు బ్రో, నేను అడిగేది ఒక్కటే, ఆ 400 ఎవరికి పోతోంది? ఆ గేమ్‌లో చెట్టూ పుట్టా చేసిన ఆర్టిస్టులకి ఒక్క పైసా రాదు. వాళ్లు చేసిన లోకానికి గేటు పెట్టి టికెట్ అమ్ముతున్నారు. క్లబ్ పెంగ్విన్ అని పిల్లల గేమ్, డిస్నీ 2017లో మూసేసింది. అభిమానులు రీరిటెన్ అని మళ్లీ నడిపారు, లక్షలమంది ఆడారు. 2022 ఏప్రిల్‌లో లండన్ పోలీసులు సైట్ స్వాధీనం చేసుకుని ముగ్గుర్ని అరెస్టు చేశారు. ప్రేమతో మొదలుపెట్టినా అక్కడిదాకా పోవచ్చు. హోమ్‌కమింగ్ వాళ్లు అద్దెకి సరిపడా తీసుకుని కౌంటర్ మూసేశారన్నారు చూడండి, నా దృష్టిలో తేడా అంతా అక్కడే ఉంది.

పాత_సర్వర్

ఇది మాత్రం ఒప్పుకుంటాను. నేను వీఐపీ పాస్ సంగతి చూసీ చూడనట్టు వదిలేశాను, పొరపాటే.

బెజవాడ_అరుగు

అందరికీ థాంక్స్. ప్లీడర్ గారూ, పాత మెయిల్స్ తవ్వి ఒప్పందం లింకు పట్టుకున్నాను. మీరన్నట్టే ఉంది, లోపల తయారుచేసినవన్నీ కంపెనీకే చెందుతాయని ఒక పేరా. 2013లో నెట్ సెంటర్‌లో అది చదివినవాడు ఎవడు?

నిన్న ఆ డిస్కార్డ్ అడ్మిన్‌కి రెండు ప్రశ్నలు పెట్టాను. సర్వర్ కోడ్ మీరు రాసిందా, ఎక్కడి నుంచైనా వచ్చిందా? పాస్ డబ్బులో సర్వర్ అద్దె పోగా మిగిలింది ఏం చేస్తున్నారు? గంటలో నా మెసేజ్ డిలీట్ చేశారు. సాయంత్రానికి నన్నే తీసేశారు. మా తమ్ముడికి ఇంకా చెప్పలేదు.

కొత్తగూడెం_77

అడిగినందుకే తీసేశారంటే ఇంక ఆలోచించక్కర్లేదు అన్నా.

కానీ కంపెనీల వైపు కూడా ఒకటి తేలాలి. ది క్రూ అనే కార్ల గేమ్ 2014లో డబ్బుకి అమ్మారు, 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు, అంతే, ఒంటరిగా ఆడటానికి కూడా రాకుండా పోయింది. దాని మీదే స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం మొదలైంది, యూరప్‌లో 2025కల్లా పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. వాళ్లు ఎప్పటికీ సర్వర్ నడపమని అడగట్లేదు, మూసేటప్పుడు కొన్నవాళ్లు ఆడుకునే దారి ఒకటి వదిలి వెళ్లండి అంటున్నారు. నా ఉద్దేశంలో ఇది సగం దొంగ సర్వర్లని అక్కర్లేకుండా చేస్తుంది. మనకి 2020 సెప్టెంబర్‌లో పబ్‌జీ ఆగిపోయి, మరుసటి ఏడాది దాని భారత్ వెర్షన్ బీజీఎంఐ వచ్చినప్పుడు పాత ఖాతాలోవి కొత్తదానికి మార్చుకోనిచ్చారు గుర్తుందా? మా అక్క కొడుకు వాడి పాత డ్రెస్ మళ్లీ కనిపించగానే ఇల్లంతా తిరిగి ఫోన్ చూపించాడు. అంటే చేయాలనుకుంటే కుదురుతుంది.

గచ్చిబౌలి_మోడలర్

అరుగు బ్రో, లువాంటి చూడు, దిమ్మెలతో కట్టుకునే గేమ్. ఇంతకుముందు మైన్‌టెస్ట్ అనేవాళ్లు, 2024లో పేరు మార్చారు. పూర్తిగా ఓపెన్ సోర్స్, అంటే కోడ్ ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు, సర్వర్ మీ ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది, దాన్ని ఆపాలంటే నువ్వే ఆపాలి. అన్నీ దిమ్మెల్లా ఉంటాయి కాబట్టి గుండ్రటి మెలికలు రావు, చుక్కలకి మాత్రం భలే సరిపోతుంది. పెంకులకి టెక్స్చర్, అంటే పైన అతికించే బొమ్మ, కావాలంటే నేను చేసిస్తాను, ఎవరైనా వాడుకునే లైసెన్స్ పెట్టి.

బెజవాడ_అరుగు

పెట్టేశాను అన్నా. రూమ్మేట్లలో ఒకడు డల్లాస్‌లో ఉన్నాడు, ఇంకొకడు గుంటూరులోనే. శనివారం మన రాత్రి 9కి, వాడికి పొద్దున, ముగ్గురం చేరాం. అరుగు అయింది, బావి సగం. ముగ్గుకి మెలికలు తీసేసి చుక్కలూ గీతలతో మళ్లీ గీయాలి, అందుకని నిన్న అమ్మమ్మకి వీడియో కాల్ చేస్తే, నేల మీద సుద్దముక్కతో గీసి చూపిస్తూ "పదకొండు కాదురా, ఎదురు చుక్క పెట్టి పదిహేను వెయ్, వాకిలి పెద్దదేగా" అంది. పెంకులు పంపించు అన్నా, ఎర్రవి.