తాత్కాలిక మేనేజర్‌కే ఉద్యోగం ఖాయం చెయ్యాలంటే ఎన్ని మ్యాచ్‌లు చూడాలి?

అమలాపురంలో మా ఫుట్‌బాల్ బ్యాచ్‌లో ఈ వాదన తెగట్లేదండి, కాస్త తేల్చిపెట్టండి. 2018 డిసెంబరులో ఇంగ్లండ్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్‌కి తాత్కాలిక మేనేజర్‌గా (అంటే జట్టుని ఎంచి నడిపే ప్రధాన కోచ్‌గా) వచ్చిన సోల్‌షేర్ 13 లీగ్ మ్యాచ్‌ల్లో 10 గెలిచి, 2 డ్రా చేసి 32 పాయింట్లు తెచ్చాడు. 2019 మార్చి 28న ఉద్యోగం ఖాయం చేశారు. ఆ సీజన్‌లో మిగిలిన 8 మ్యాచ్‌లకీ వచ్చినవి 8 పాయింట్లే!

ఆ 13 మ్యాచ్‌ల్లోనే టోటెన్‌హామ్ మీద 1-0 గెలుపు చూడండి. గోల్‌కీపర్ డి గియా 11 షాట్లు ఆపాడు, కొన్నయితే కాళ్లతోనే. ఆ గెలుపులో మేనేజర్ వాటా ఎంత? పాయింట్లు పక్కనపెట్టి, ఎదుటి జట్టుకి వదిలిన షాట్లు ఎన్ని, ఎంత దగ్గర నుంచి, ఆ జట్టు బలమెంత అన్నదే చూడాలంటాను. ఇలాగే తాత్కాలికంగా వచ్చిన డి మాటియో 2012లో చెల్సీకి ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్‌ల పెద్ద కప్పు) తెచ్చి ఉద్యోగం ఖాయం చేసుకున్నా, నవంబరుకే పంపేశారు కదా.

ఈ లెక్కకి పాతిక మ్యాచ్‌లు సరిపోతాయా? లెక్క కట్టే పద్ధతి తెలిసినవాళ్లు చెప్పండి.