థాంక్యూకి స్టిక్కర్ ఇవ్వడం కరెక్టేనా?

నాలుగేళ్ల బాబు అమ్మ:
మా వాడి ప్లేస్కూల్లో ఒక ఆట మొదలెట్టారు. ఎవరేమిచ్చినా థాంక్యూ చెప్పాలి, చెప్పిన ప్రతిసారీ చార్ట్ మీద ఒక స్టార్ స్టిక్కర్, పది స్టార్లు అయితే చాక్లెట్. ఇంట్లో కూడా ఆడించమన్నారు. మొన్న మా అత్తయ్యగారు మంచినీళ్లు తెస్తే గ్లాసు ఇంకా అందుకోనేలేదు, థాంక్యూ అనేసి స్టిక్కర్ ఏదని నా వైపు చూశాడు. ఆవిడ మొహం చిన్నబోయింది. కొనసాగించాలా వద్దా?

డల్లాస్ నాన్న:
తప్పేముందండి, ముందు అలవాటవ్వాలి, అర్థం తర్వాత అదే తెలుస్తుంది. మనకి చిన్నప్పుడు నమస్కారం పెట్టమంటే అర్థం తెలిసే పెట్టామా?

అంగన్‌వాడీ టీచర్:
నమస్కారం పెట్టినందుకు మనకెవరూ చాక్లెట్ ఇవ్వలేదు కదా సార్. వార్నెకెన్, టొమసెల్లో అనే ఇద్దరు పరిశోధకులు 2008లో 20 నెలల పిల్లల మీద చేసిన ప్రయోగం ఒకటుంది, సాయం చేసినప్పుడల్లా బహుమతి ఇచ్చిన పిల్లలు తర్వాత సాయం చెయ్యడం తగ్గించేశారు, ఊరికే మెచ్చుకున్న పిల్లలు, అసలేమీ ఇవ్వని పిల్లలు అలా తగ్గలేదు. అది సాయం గురించే అనుకోండి, కానీ స్టిక్కర్ల సంగతీ అంతేనని నా నమ్మకం.

మా సెంటర్లో బువ్వలాట ఆడిస్తా, మా అమ్మమ్మ వాళ్లు గుజ్జనగూళ్లు అనేవాళ్లు అదే. ఇసుక అన్నం, ఆకుల కూర, చింతగింజల పప్పు. ఒకరోజు ఒక పాప ఎంతో కష్టపడి వండి అందరికీ వడ్డించింది, వాళ్లు తిన్నట్టు చేసేసి లేచి పరిగెత్తారు, బాగుందని ఒక్కళ్లూ అన్లేదని ఆ పిల్ల ఒకటే ఏడుపు. నేనేం చెప్పలేదు, పక్కన కూర్చోబెట్టుకున్నా అంతే. రెండ్రోజుల తర్వాత మధ్యాహ్నం భోజనం దగ్గర అదే పాప ఆయమ్మని "పప్పు నువ్వే వండినావా, బాగుంది" అంది. ఆయమ్మకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అసలు మన ఇళ్లల్లో ధన్యవాదాలు అని ఎవరంటారు చెప్పండి, కడుపు నిండిందమ్మా అంటారు, చల్లగా ఉండు అంటారు. పిల్లలకి అందాల్సింది అది.

డల్లాస్ నాన్న:
ఇది బాగుంది మేడమ్, ఒప్పుకుంటా. కానీ మాకిక్కడ ఒక్కతే పాప, బువ్వలాట ఎవరితో ఆడుతుంది?

అంగన్‌వాడీ టీచర్:
మీతోనే సార్. నాలుగు గిన్నెలిచ్చి మీరే కింద కూర్చోండి. వడ్డించేటప్పుడు మాత్రం ఫోన్ చూడకండి, ఉప్పు సరిపోయిందా అని అడుగుతుంది, రుచి చూసి చెప్పండి.