అప్‌డేట్: చార్టర్ పైలట్ రెస్ట్ టైమ్ గొడవ తేలింది

నేను చార్టర్ (అద్దె విమానాల) కంపెనీలో పైలట్‌ను. కంపెనీవాళ్లు నన్ను రాత్రంతా కార్లో హైదరాబాద్ నుంచి ఓర్వకల్లుకు (కర్నూలు ఎయిర్‌పోర్ట్) పంపించి పొద్దున్నే ఫ్లైట్ వేసి, ఆ కారు టైమ్‌ను రోస్టర్‌లో (డ్యూటీల పట్టికలో) రెస్ట్ అని రాస్తున్నారని అడిగినా కదా, అది తేలిపోయింది. అందరికీ థాంక్స్ అన్నా.

ఆపరేషన్స్ మాన్యువల్ (కంపెనీ ఫ్లైట్ రూల్స్ పుస్తకం) తీసి చూడమన్న అన్న మాటే పనిచేసింది. కంపెనీ పంపిస్తే ఆ ప్రయాణం పొజిషనింగ్ (పని కోసం ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చడం), అది డ్యూటీ కిందికే వస్తుంది, రెస్ట్ అంటే ఏ డ్యూటీ లేకుండా వదిలేయాల. ఆ పేజీ ఫోటో, పుల్లూరు టోల్‌గేట్‌లో రాత్రి 1:40కి డ్రైవర్ ఫోన్‌కు వచ్చిన ఫాస్టాగ్ మెసేజ్ పెట్టి సేఫ్టీ మేనేజర్‌కు మెయిల్ కొట్టినా. ఫోన్లో ఎన్నిసార్లు మొత్తుకున్నా కదలనోళ్లు మెయిల్‌కు కదిలినారు, ఇప్పుడు ముందురోజు సాయంత్రమే కర్నూలుకు తెచ్చి హోటల్లో పండుకోనిస్తున్నారు.

నెల ఫ్లయింగ్ గంటలు లెక్కేయమన్నారు కొందరు, అవి లిమిట్ లోపలే ఉన్నాయి, దాంతో పనే పడలేదు. డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) దాకా పోయే అవసరమూ రాలేదు.