థాయిలాండ్‌లో స్కూల్ మారేటప్పుడు వీసా ఎలా?

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది నల్గొండ జిల్లా దేవరకొండ. చాలా ఏళ్లుగా థాయిలాండ్‌లో ఇంగ్లిష్ టీచర్‌గా ఉన్నాను. ఈ పని, ఈ పిల్లలు నాకు చాలా ఇష్టం. ఇప్పుడున్న స్కూల్ వాళ్లు కాంట్రాక్ట్ పొడిగించడం లేదు. ఇక్కడ నాన్-బి వీసా (ఉద్యోగం కోసం ఇచ్చే వీసా) గడువు, వర్క్ పర్మిట్ రెండూ ఉద్యోగంతోనే ముడిపడి ఉంటాయి. ఉద్యోగం ఆగితే ఉండే అనుమతీ ఆగుతుంది. కొత్త స్కూల్ దొరికింది, జీతం కూడా నయమే, కానీ వాళ్ల కాగితాలు ఆలస్యమవుతున్నాయి. అదే నా టెన్షన్. అమ్మకు ఫోన్‌లో ఇంకా చెప్పలేదు, భయపడుతుందని.

పాత పర్మిట్ రద్దయ్యాక దేశం దాటకుండానే కొత్తదానికి మారినవాళ్లు ఉన్నారా? లేక పక్క దేశం లావోస్ వెళ్లి కొత్త వీసాతో తిరిగి రావడమే మేలా? ముఖ్యంగా మన ఇండియన్ పాస్‌పోర్ట్‌తో చేసినవాళ్లు చెప్పండి. డిగ్రీ అటెస్టేషన్ (డిగ్రీ అసలైనదేనని అధికారిక ధ్రువీకరణ) మళ్లీ అడుగుతారా?