లస్కరు తాతయ్య, లష్కర్ బోనాలు: రెండూ ఒకటే మాటా?

కాలవగట్టు అడిగిన ప్రశ్న:
మాది గోదావరి తూర్పు డెల్టాలో లాకు పక్కనున్న ఊరు. మా తాతయ్య ఇరిగేషన్‌లో లస్కరు. ఖాకీ నిక్కరు, చేతిలో లాంతరు, వరద రోజుల్లో రాత్రంతా గట్టు మీదే కాపురం. ఎలక కన్నం కనబడితే మట్టి వేసి తొక్కి, దాని మీదే కాసేపు నిలబడి, కాళ్ళ కింద చెమ్మ ఊరుతోందేమో చూసేవాడట. బళ్ళో ఎవరైనా "మీ తాత ఏం చేస్తాడే?" అంటే 'లస్కరు' అని చెప్పడానికి నామోషీగా ఉండేది. కూలీ అనే అర్థమనుకునేదాన్ని.

ఇప్పుడు ఉద్యోగానికని సికింద్రాబాద్ వచ్చాను. ఎక్కడ చూసినా 'లష్కర్ బోనాల శుభాకాంక్షలు' అని ఫ్లెక్సీలు. లష్కర్ అంటే సైన్యం అంది మా రూమ్మేటు. మరి షట్టరు తిప్పే ఇనుప చక్రం తప్ప ఏ ఆయుధమూ ముట్టని మా తాతయ్యకి ఆ పేరెందుకొచ్చింది?

పికెట్ పోరడు:
మీ రూమ్మేట్ కరెక్టే చెప్పింది. లష్కర్ అంటే ఫౌజే. మా తాత సికింద్రాబాద్ అనకపోతుండె, "లష్కర్ పోయొస్త" అంటుండె. ఇంగ్లీషోళ్ళ పటాలం హుస్సేన్‌సాగర్ అవతల దిగినంక, 1806ల మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టిన్రు. బోనాల ముచ్చట గూడ పటాలందే. సురిటి అప్పయ్య అని ఫౌజుల డోలీ మోసేటాయన ఉజ్జయిని పోయిండంట. 1813ల ఇక్కడ కలరా లేస్తే అక్కడి మహంకాళికి మొక్కిండు, 1815ల తిరిగొచ్చి అమ్మవారిని నిలబెట్టిండు అని చెప్తరు.

మా షహర్‌ల సగం అడ్రసులు ఇట్లనే ఉంటయ్. బార్కస్ అంటే బ్యారక్స్, నిజాం కొలువుల ఉన్న అరబ్బు సిపాయిలయి. రిసాలా అంటే గుర్రపు దండు. ఏసీ గార్డ్స్‌ల ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. మా బావమరిది మొదటిసారి వచ్చినప్పుడు అక్కడ ఏసీలు రిపేర్ చేస్తరేమో అనుకున్నడు. నేనుండే పికెట్ అంటే ఫౌజుకు ముందుగాల ఉండే కాపలా చౌకీ. ఇప్పుడు ఆడ బస్సు డిపో ఉంది.

పాత పారా:
తుపాకీ పట్టినవాడే పటాలం కాదు పాపా. డేరాలు వేసేవాణ్ణీ, ఫిరంగుల దగ్గర చాకిరీ చేసేవాణ్ణీ, ఓడలో తాడు లాగేవాణ్ణీ అందరినీ దొరలు లస్కర్లనే రాసుకున్నారు. 1847లో మీ ఆనకట్ట మొదలుపెట్టి 1852కి ముగించిన కాటన్ దొర కూడా సైన్యం ఇంజనీరే కదా, ఆ మాట సైన్యం నుంచే మీ గట్టెక్కిందని నా లెక్క.

నేను కర్నూలు రెండో బెటాలియన్‌లో చేసి రిటైరయ్యాను. మాకు గార్డు అంటే ఒక మనిషి కాదు, జట్టు. 'ఒకటి-నాలుగు గార్డు' అంటే ఒక హెడ్డు, నలుగురు కానిస్టేబుళ్ళు. ట్రెజరీ ముందో, మంత్రి గారి ఇంటి ముందో వేస్తారు. అందులో ఆ రెండు గంటలు తుపాకీతో నిలబడేవాడు పారా. 'పహరా' నాలిక మీద అరిగి పారా అయింది. రాత్రి రెండు నుంచి నాలుగు పారా పడిందంటే నరకం. లవంగం బుగ్గన పెట్టుకుని నిలబడేవాణ్ణి, రెప్ప పడబోతే కొరికేవాణ్ణి. పేపర్లో 'దొంగలున్నారు, పారా హుషార్' అని హెడ్డింగు చూసినప్పుడల్లా నన్నే లేపుతున్నట్టుంటుంది.

పక్క మంచం మీద మాజీ ఫౌజీ ఒకాయన ఉండేవాడు. నిద్రలో "థమ్! హుకుందార్!" అని అరిచేవాడు. ఏదో ఉర్దూ అనుకున్నాం. ఇంగ్లీషు 'హూ కమ్స్ దేర్' అరిగి అరిగి అట్లా అయిందంట!

జమాదారు సంగతి ఇంకా అన్యాయం. ఫౌజులో భుజాన నక్షత్రమున్న మనిషి అతను, 1965లో నాయబ్ సుబేదార్ అని పేరు మార్చారు. బయట అదే మాటను ఆసుపత్రిలో చీపురు పట్టినవాడికి తగిలించారు. గుర్రపు దండులో హోదా అయిన దఫేదారు మాత్రం గుర్రం దిగినా కలెక్టరు గది ముందు భుజం మీంచి అడ్డంగా వేసుకునే డవాలీ పట్టీతో దర్జాగానే నిలబడ్డాడు. నేనిప్పుడు ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కూర్చుంటున్నాను. పేరుతో పనిలేదు, "సెక్యూరిటీ!" అని ఒక్క కేక. మొత్తం శాఖే నేనన్నమాట.

తమలపాకు:
అన్నీ అటునుంచి వచ్చినవే కాదు లెండి, మన బంట్రోతు సంగతేంటి? బంటు అంటే వీరుడు, రాముడి బంటు హనుమంతుడు. ఆ వంశంలోంచే వచ్చి, ఫైలు మోసుకుంటూ టీలు తెస్తున్నాడు. దండును చీమలకీ మిడతలకీ ఇచ్చేశాం. సెలవులకి పిల్లలొస్తే మా అమ్మ "పటాలం దిగింది" అని బియ్యం ఎక్కువ పోస్తుంది. నాకు ఇష్టమైంది దళం. తులసి ఆకూ దళమే, తుపాకులతో అడవిలో తిరిగిన గుంపూ దళమే.

కాలవగట్టు:
అందరికీ దండాలు. 'పారా హుషార్' చదివి అమ్మకి ఫోన్ చేశాను. వరద రాత్రుళ్ళు తాతయ్య అవతలి గట్టు మీదున్న లస్కర్ని "పారా హుషారోయ్!" అని కేకేసేవాడట. అమ్మ ఇన్నేళ్ళూ ఆ అవతలాయన పేరు పారయ్య అనుకుంటోంది.