జీపీఏ 2.9 ఉంటే లా స్కూల్‌కి అప్లై చేయొచ్చా?

ప్రశ్న:
నమస్తే అందరికీ, మేముండేది న్యూజెర్సీ. మా బాబు డిగ్రీ మేలో అయిపోయింది. మొదటి రెండేళ్లు ప్రీమెడ్ (మెడిసిన్‌కి వెళ్లడానికి ముందు చదివే కోర్సులు) చేయాల్సిందే అని మేమే పట్టుబట్టాం, ఆర్గానిక్ కెమిస్ట్రీ దగ్గర బాగా దెబ్బతిన్నాడు, తర్వాత పొలిటికల్ సైన్స్‌కి మారి దాదాపు అన్నీ ‘ఏ’ గ్రేడ్లే తెచ్చుకున్నాడు గానీ మొత్తం కలిపితే జీపీఏ 4కి 2.9 దగ్గరే ఆగింది. ఇప్పుడు లా చదువుతానంటున్నాడు. ముందు మాస్టర్స్ చేసి మంచి జీపీఏ చూపిస్తే ఇది కవర్ అయిపోతుందని మావారు అంటున్నారు, నిజమేనా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

జవాబు:
అక్కా, దీనికోసమే అయితే మాస్టర్స్ వద్దు. లా స్కూల్స్ చూసే జీపీఏని ఎల్ఎస్ఏసీ (లా స్కూల్ అప్లికేషన్లు చూసే సంస్థ) వాళ్లు విడిగా లెక్క కడతారు, మొదటి బ్యాచిలర్స్ డిగ్రీ చేతికొచ్చేవరకు ఉన్న గ్రేడ్లే అందులోకి వస్తాయి, మాస్టర్స్‌లో 4.0 తెచ్చినా ఆ నంబరు కదలదు. రెండేళ్లూ డబ్బులూ పోతాయి.

ముందు ట్రాన్స్‌క్రిప్ట్‌లన్నీ తెప్పించుకుని లెక్క వేసుకోమనండి. నేను సెకండ్ ఇయర్‌లో ఉండగా తెనాలిలో అమ్మమ్మకి పక్షవాతం వచ్చిందని ఫోనొచ్చింది, సెమిస్టర్ మధ్యలో అలాగే బయల్దేరిపోయా, క్లాసులు డ్రాప్ చేయాలని కూడా తట్టలేదు, తిరిగొచ్చేసరికి రెండు ఎఫ్‌లు. మళ్లీ కట్టి రెండిట్లోనూ ‘ఏ’ గ్రేడు తెచ్చుకున్నా, కాలేజీవాళ్లు పాత ఎఫ్‌లు లెక్కలోంచి తీసేశారు, 3.1 ఉంది కదా అని ధైర్యంగా ఉన్నా. ఎల్ఎస్ఏసీ రిపోర్టు తెరిస్తే 2.95! పాత గ్రేడు ట్రాన్స్‌క్రిప్ట్ మీద కనబడితే చాలు, వాళ్లు రెండూ కలుపుతారు. ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు.

ఇక మీవాడి చేతిలో ఉన్నది ఎల్‌శాట్, అంటే లా స్కూల్ ఎంట్రన్స్ పరీక్ష. 120 నుంచి 180 వరకు స్కోరు. 2024 ఆగస్టు నుంచి లాజిక్ గేమ్స్ అనే పజిల్స్ సెక్షన్ ఎత్తేశారు, లాజికల్ రీజనింగ్ రెండు, రీడింగ్ ఒకటి, లెక్కలోకి రానిది ఇంకోటి, ఒక్కో సెక్షన్ 35 నిమిషాలు, కాబట్టి ఎవరో ఇచ్చిన పాత పుస్తకాల్లో గేమ్స్ చేస్తూ కూర్చోవద్దనండి. జీపీఏ తక్కువ, ఎల్‌శాట్ ఎక్కువ ఉన్నవాళ్లని స్ప్లిటర్స్ అంటారు, స్కూల్ తన ఎల్‌శాట్ మీడియన్ (చేరినవాళ్ల స్కోర్లలో సరిగ్గా మధ్యలో ఉండేది) పెంచుకోవడానికి వాళ్లని తీసుకుంటుంది. ఏ స్కూల్‌కి ఎంత కావాలో 509 రిపోర్టు అని స్కూళ్లు ఇచ్చే వివరాల్లో ఉంటుంది, ప్రతి స్కూలూ సైట్లో పెట్టాల్సిందే. కండిషనల్ స్కాలర్‌షిప్‌లు (గ్రేడ్లు నిలబెట్టుకుంటేనే ఉండేవి) ఎంతమందికి తగ్గాయో, పోయాయో కూడా అందులోనే ఉంటుంది, అది చూడకుండా డబ్బిస్తామన్న స్కూల్‌కి ఊ అనొద్దు.

అప్లికేషన్లు సెప్టెంబర్ నుంచి తీసుకుంటారు, చాలా స్కూల్స్ వచ్చినవి వచ్చినట్టు సీట్లిచ్చేస్తుంటాయి, అలాగని తక్కువ స్కోరుతో తొందరపడి పంపకండి, నన్నడిగితే ఒక ఏడాది లా ఆఫీసులో పని చేసుకుంటూ ప్రిపేర్ అవ్వడం చాలా నయం.

జీపీఏ ఎందుకు తగ్గిందో అడెండమ్, అంటే అప్లికేషన్‌తో పాటు విడిగా ఒక చిన్న వివరణ రాయాలి. నేను మొదట ఒకటిన్నర పేజీ రాశా, అమ్మమ్మ మంచం పక్కన కూర్చుని జావ తాగించిన సంగతి కూడా. చివరికి పంపింది ఆరు లైన్లు, ఏ సెమిస్టర్, ఏం జరిగింది, తర్వాత గ్రేడ్లు ఎలా ఉన్నాయి, అంతే. మీవాడు కూడా అమ్మానాన్న బలవంతం అని రాయొద్దు, ప్రీమెడ్ సరిపడలేదు, మేజర్ మార్చాక గ్రేడ్లు ఇవి అంటే చాలు.

ఇంకో ప్రశ్న:
అక్కా నాదొక డౌట్. నాది జేఎన్‌టీయూ బీటెక్, 56 పర్సెంట్, బ్యాక్‌లాగ్స్ కూడా ఉన్నాయి, ఇప్పుడు డాలస్‌లో జాబ్. నాకు జీపీఏ ఎంత వేస్తారు?

జవాబు:
అసలు వేయరు తమ్ముడూ. ఇండియా డిగ్రీకి ఎల్ఎస్ఏసీ నంబరు ఇవ్వదు, సుపీరియర్, యావరేజ్ ఇలా ఒక మాట రాస్తుంది. స్కూల్ జీపీఏ మీడియన్‌లో నువ్వు లెక్కకి రావు, అందుకని నీకు ఎల్‌శాట్ ఇంకా ముఖ్యం. మెమోలు స్కాన్ చేసి పంపితే కుదరదు, ట్రాన్స్‌క్రిప్ట్ యూనివర్సిటీ నుంచే వెళ్లాలి, ఇంటి దగ్గర ఎవరికైనా చెప్పి ఇప్పుడే అప్లై చేయించు.

మొదట అడిగినావిడ:
చాలా థ్యాంక్స్ అమ్మా, మావారికి చదివి వినిపించా, మాస్టర్స్ మాట వదిలేశారు. ఇప్పుడే గుర్తొచ్చింది, హైస్కూల్లో ఉన్నప్పుడు సమ్మర్‌లో కౌంటీ కాలేజీలో స్టాటిస్టిక్స్ క్రెడిట్‌కి తీసుకున్నాడు, సీ వచ్చింది. అది కూడా కలుపుతారా?

జవాబు:
కలుపుతారక్కా. ఆ కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్ కూడా పంపించాలి, వదిలేయకండి.