రాంగ్ రూట్‌లో వచ్చినవాడిది తప్పా, అలా రప్పించిన రోడ్డుదా?

గట్టుమీద చెట్టు:
మా పెదనాన్న పెద్దకర్మ మొన్ననే అయింది. చీకటి పడ్డాక మోపెడ్ వెనక గడ్డిమోపు కట్టుకుని పొలం నుంచి వస్తూ రాంగ్ రూట్‌లో హైవే ఎక్కాడు. లారీ గుద్దింది. "తప్పు ఆయనదే కదా" అంటున్నారు ఊళ్లో. కాదనను. కానీ ఆ చోటు ఎలా ఉంటుందో చెప్తాను, విన్నాక అనండి.

ఊరూ పొలాలూ హైవేకి ఒకే పక్కన ఉన్నాయి. పొలం బాట రోడ్డెక్కే చోటు నుంచి ఊరి మలుపు మూడు వందల మీటర్లు. కానీ ఆ పక్క బండ్లు ఊరి నుంచి పొలాల వైపు పోతాయి. పద్ధతిగా ఇంటికి రావాలంటే రెండు కిలోమీటర్లు అటే పోయి యూ టర్న్ తీసుకుని, వెనక్కి వచ్చి, ఊరు దాటి ఇంకో కిలోమీటరు పోయి మళ్లీ తిరగాలి. మొత్తం ఆరు కిలోమీటర్ల పైమాటే. సర్వీస్ రోడ్డు ఉంది, ఊళ్లో చివరి ఇంటి దగ్గర ఆగిపోయింది.

నగరవాసి:
మీ బాధ అర్థమవుతోంది. అయినా ఒప్పుకోలేను. మా ఆఫీసు దగ్గర యూ టర్న్ నాలుగు వందల మీటర్లలోనే ఉంది. అక్కడా పిల్లల్ని ముందు నిలబెట్టుకుని ఎదురొస్తున్నారు. ప్రతివాడికీ ఏదో ఒక కారణం ఉంటుంది. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. అందులో రాంగ్ సైడ్ కింద నమోదైనవాళ్లే తొమ్మిది వేలకు పైగా. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఎదురు రావడం ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందే లెక్క, జైలు కూడా వేయొచ్చు. చట్టం ఉంది, పట్టుకునేవాడు లేడు. ఫ్రాన్స్ 2003 చివర్లో ఆటోమేటిక్ స్పీడ్ కెమెరాలు మొదలుపెట్టింది. ఆ తర్వాత అక్కడ చావులు బాగా తగ్గాయి. చలానా ఎంత అన్నది కాదు, తప్పకుండా పడుతుందన్న నమ్మకం ఉంటే మనిషి మారతాడు.

రాత్రి బండి:
తమ్ముడూ, పదిహేడేళ్లుగా లారీ తోలుతున్నాను. స్టీరింగ్ దగ్గర కూర్చుంటే ఏం కనబడుతుందో చెప్తాను.

డిప్ లైట్‌లో నాకు యాభై మీటర్లు దాటితే సరిగా కనబడదు. నేను 80లో ఉన్నాను, ఎదురు మోపెడ్ 30లో వస్తోంది అనుకో. ఇద్దరం దగ్గరపడే వేగం 110, అంటే సెకనుకి ముప్పై మీటర్లు. యాభై మీటర్లకి సెకనున్నర కంటే కాస్త ఎక్కువ. కాలు బ్రేకు మీదకి వెళ్లేసరికే ఆ టైం అయిపోతుంది. లోడు బండి ఆగడం తర్వాత మాట.

ఇంకోటి ఉంది. ఆ చిన్న లైటు ముందే కనబడినా, డివైడర్‌కి అటు పక్క బండిదే అనుకుంటాం. డివైడర్ మీద గన్నేరు చెట్ల సందుల్లోంచి ఎదురు లైట్లు మిణుకుమంటూనే ఉంటాయి కదా. ఈ పక్క నుంచి ఎవరూ ఎదురు రారని మనసులో గట్టిగా ఉంటుంది. రాడనుకున్నవాణ్ణి చూసి పోల్చుకోవడానికే ఇంకో సెకను కావాలి. గంటల తరబడి ఒకే స్పీడ్‌లో వస్తే ఊరి దగ్గర తగ్గించినా మనసు అలాగే మోసం చేస్తుంది. పాకుతున్నట్టే ఉంటుంది, మీటరు చూస్తే ఇంకా 65.

ఒకసారి నాకు వెంట్రుకవాసిలో తప్పింది. బండి పక్కన ఆపి అరగంట కూర్చున్నా చేతుల వణుకు తగ్గలేదు. ఆ డ్రైవర్ మీద కోపం పెట్టుకోకు.

వంతెన:
నేను రోడ్ల పనుల్లో ఉన్న ఇంజనీర్‌ని. నగరవాసి గారూ, ఆ లెక్కలు పోలీసులు ఎఫ్ఐఆర్‌లో రాసిన కారణాలు. "అతివేగంగా, అజాగ్రత్తగా" అని మనిషి మీద రాయడం సులువు. సర్వీస్ రోడ్డు మూడు వందల మీటర్లు తక్కువైందని కారణం కింద ఎవరు రాస్తారు?

భయం పనిచేస్తుంది, కానీ నిలవదు. స్వీడన్‌లో 1967 సెప్టెంబర్ 3న బండ్లన్నీ ఎడమ నుంచి కుడికి మారాయి. అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని నడిపారు, ప్రమాదాలు పడిపోయాయి. రెండేళ్లు తిరగకుండా మళ్లీ పాత లెక్కకే వచ్చాయి. అదే దేశం 1997లో, మనిషి తప్పు చేస్తాడని ముందే ఒప్పుకుని, ఆ తప్పుకి ప్రాణం పోకుండా రోడ్డు వేయాలని పార్లమెంటులో తీర్మానించింది. మరుసటి ఏడాది నుంచి ఎదురెదురు లైన్ల మధ్య ఇనుప తాళ్ల కంచెలు కట్టింది. ఆ రోడ్ల మీద చావులు మూడొంతులకు పైగా తగ్గాయి. డ్రైవర్లు పాతవాళ్లే.

నగరవాసి:
మన దగ్గర ఆ కంచె కట్టిన వారానికే కోసేస్తారు. ఎన్ని చోట్ల డివైడర్ పగలగొట్టి దారి చేసుకోలేదు?

వంతెన:
ఎక్కడ పగలగొట్టారో వెళ్లి చూడండి. బడి దగ్గర, బస్టాపు దగ్గర, పొలం బాట దగ్గర. జనానికి దారి ఎక్కడ కావాలో ఆ సందులే చెప్తాయి, అక్కడ అండర్‌పాస్ కట్టాలి. మీ ఆఫీసు దగ్గరివాళ్లకి మాత్రం కెమెరా పెట్టాల్సిందే, అందులో మీ మాటే నా మాట. నాలుగు వందల మీటర్ల కోసం ఎదురొచ్చేవాణ్ణీ ఆరు కిలోమీటర్ల కోసం ఎదురొచ్చేవాణ్ణీ ఒకే గాట కట్టొద్దంటున్నానంతే.

గట్టుమీద చెట్టు గారూ, మోటారు వాహనాల చట్టంలో 198ఎ అని ఒక సెక్షన్ ఉంది. రోడ్డు డిజైన్‌లో, నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక ప్రాణం పోతే ఆ పని చేసినవాళ్లకి లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. అర్జీలో ఆ మాట రాయండి.

గట్టుమీద చెట్టు:
నిన్న సాయంత్రం టేపు పట్టుకుని అక్కడికి వెళ్లాను. చివరి ఇంటి నుంచి పొలం బాట దాకా కొలిచాను, 290 మీటర్లు వచ్చింది. నేను కొలుస్తుండగానే పాల క్యాన్లతో ఒకాయన, బడి పిల్లల ఆటో, ఆ వెనకే మా అన్న, పెదనాన్న కొడుకే, అందరూ ఎదురుగానే వచ్చారు. బండి ఆపి అన్నని అడిగాను. "మరి ఎటు పోవాలిరా?" అన్నాడు.

అర్జీలో కొలత, ఫొటోలు పెడుతున్నాను. రాత్రి బండి అన్నా, డ్రైవర్‌కి ఏం కనబడుతుందో నువ్వు రాసింది కూడా కలపనా? వంతెన గారూ, అర్జీ కలెక్టరేట్‌లో ఇవ్వాలా, హైవే వాళ్లకి ఇవ్వాలా?